నిండే గుండె, ఆగే గుండె: తెలుగు సినిమా హృద్రోగ చిత్రణపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సినిమాలో గుండెజబ్బు ప్రధానంగా ఆకస్మిక ఘటనగా కనిపిస్తుంది. పాత్ర ఛాతీ పట్టుకోవడం, కుప్పకూలడం, యంత్రం మీది గీత చదునుకావడం అనే మూడు సంకేతాలతో ఆ చిత్రణ పూర్తవుతుంది. అయితే గుండె వైఫల్యంతో బాధపడేవారిలో సుమారు సగం మందికి గుండె రక్తాన్ని నెట్టే శక్తి దాదాపు సాధారణంగానే ఉంటుంది. లోపం రక్తంతో నిండే దశలో ఉంటుంది. ఆ దశను పరిశీలించే సాధనాల్లో అయస్కాంత అనునాద చిత్రణ, అంటే ఎం.ఆర్.ఐ., ముఖ్యమైనది. గుండె నింపుదలను ఎం.ఆర్.ఐ. చూసే పద్ధతినీ, తెలుగు సినిమా గుండెను చూపే పద్ధతినీ పక్కపక్కన ఉంచి, 'గీతాంజలి' (1989), 'జెర్సీ' (2019) చిత్రాల ఆధారంగా ఈ వ్యాసం విశ్లేషిస్తుంది. తెర మీది సంకేతాలు ప్రేక్షకుల ఆరోగ్యావగాహనలో మిగిల్చే ఖాళీని చర్చిస్తుంది.

కీలకపదాలు: తెలుగు సినిమా, హృద్రోగ చిత్రణ, వ్యాకోచం, ఎం.ఆర్.ఐ., గీతాంజలి, జెర్సీ, పంపింగ్.

1. ఉపోద్ఘాతం

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ తెలుగు సినిమా పరిశ్రమకు నివాసస్థానాలు. రామానాయుడు స్టూడియో, తెలుగు ఫిలిం ఛాంబర్ కార్యాలయం, ఫిల్మ్‌నగర్ కల్చరల్ సెంటర్, లెక్కకు మించిన ఎడిటింగ్, డబ్బింగ్ గదులు ఈ రాతిగుట్టల మీదే ఉన్నాయి. ఇదే ప్రాంతంలో 1988లో అపోలో ఆసుపత్రి ఏర్పడింది. ఆ తరువాతి దశాబ్దాల్లో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ పరిసరాలు హృద్రోగ చికిత్సకు పేరుపొందాయి. ఆ విధంగా మనిషి గుండెకు బొమ్మకట్టే రెండు వృత్తులు ఇరుగుపొరుగున స్థిరపడ్డాయి. ఒకటి భావోద్వేగం కోసం గుండెను చూపుతుంది. మరొకటి రోగనిర్ధారణ కోసం చూపుతుంది.

ఈ పొరుగుతనం వట్టి భౌగోళిక విశేషం కాదు. తెలుగువారిలో చాలామందికి ఆసుపత్రి లోపలి దృశ్యం మొదట పరిచయమైనది వెండితెర మీదనే. గుండెజబ్బు వస్తే మనిషి ఎలా ఉంటాడు, వైద్యుడు ఏమంటాడు, ఎప్పుడు భయపడాలి అనే విషయాల్లో సినిమా ఒక అనధికార పాఠ్యపుస్తకంగా పనిచేసింది. ఆ పాఠ్యపుస్తకంలో ఏ అధ్యాయం ఉంది, ఏది లేదు అన్నది సాహిత్య విమర్శకు తగిన ప్రశ్న. దానికి సమాధానం వెదకడానికి ముందుగా గుండె నిండడమంటే ఏమిటో తెలుసుకోవడం అవసరం.

2. గుండె నిండడం: శాస్త్రభూమిక

నిమిషానికి 75 సార్లు కొట్టుకునే గుండెలో ఒక్కో ఆవృత్తికి 0.8 సెకన్లు పడుతుంది. అందులో జఠరికలు ముడుచుకొని రక్తాన్ని నెట్టే సంకోచదశ సుమారు 0.3 సెకన్లు. మిగిలిన సుమారు 0.5 సెకన్లు జఠరికలు సడలి రక్తాన్ని నింపుకొనే వ్యాకోచదశ. అంటే విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నెట్టడానికి వెచ్చించే కాలం కంటె నిండడానికి వెచ్చించే కాలమే ఎక్కువ. గుండె వేగం పెరిగినప్పుడు ఎక్కువగా కుదించుకుపోయేది కూడా ఈ నింపుదల కాలమే.

వ్యాకోచాన్ని గుండె 'విశ్రాంతి'గా చెప్పడం పరిపాటి. ఇది సరైన మాట కాదు. ముడుచుకున్న కండరకణం సడలాలంటే కణంలోకి చేరిన కాల్షియంను తిరిగి దాని నిల్వస్థానానికి చేర్చాలి. ఆ పనికి శక్తి ఖర్చవుతుంది. ఎడమ జఠరిక కండరానికి రక్తం అందేది కూడా ప్రధానంగా ఈ దశలోనే. లోకానికి రక్తం పంచే గుండె తన తిండి తాను తినేది నిండే సమయంలోనే అన్నమాట.

నింపుదలలో నాలుగు అంచెలు ఉన్నాయి. మొదట కవాటాలన్నీ మూసి ఉండగానే జఠరిక సడలుతుంది. లోపలి పీడనం పడిపోతుంది. తరువాత ద్విపత్ర కవాటం తెరుచుకొని ఎడమ కర్ణికలోని రక్తం వేగంగా జఠరికలోకి దూకుతుంది. మూడో అంచెలో ప్రవాహం దాదాపు నిలకడగా ఉంటుంది. చివరగా కర్ణిక ముడుచుకొని మిగిలిన రక్తాన్ని లోనికి నెడుతుంది. ఆరోగ్యవంతులలో మొదటి దూకుడే పెద్దది. కర్ణిక చేసే చివరి సాయం మొత్తం నింపుదలలో సుమారు అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. వయసుతో పాటు ఆ వాటా పెరుగుతుంది.

దీర్ఘకాలపు రక్తపోటు, మధుమేహం, స్థూలకాయం, వార్ధక్యం, కండరంలో నారపదార్థం పేరుకోవడం వంటి కారణాల వల్ల జఠరిక గోడ బిరుసెక్కుతుంది. బిరుసెక్కిన జఠరికలోకి అంతే రక్తం చేరాలంటే ఎక్కువ పీడనం కావాలి. ఆ పీడనం వెనక్కి తన్ని, కర్ణికను సాగదీసి, పుపుస సిరల ద్వారా ఊపిరితిత్తులకు చేరుతుంది. రోగికి తెలిసేది మాత్రం ఒక్కటే: ఆయాసం. నాలుగు మెట్లు ఎక్కితే ఊపిరి అందదు. రాత్రి ఒక దిండు సరిపోక రెండో దిండు కావాల్సి వస్తుంది. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. ఛాతీ పట్టుకొని కూలిపోయే దృశ్యం ఇందులో ఎక్కడా లేదు.

3. ఎం.ఆర్.ఐ. చూసే తీరు

పాల్ లాటర్‌బర్ 1973లో 'నేచర్' పత్రికలో ప్రకటించిన పద్ధతి, పీటర్ మాన్స్‌ఫీల్డ్ చేసిన గణిత, సాంకేతిక అభివృద్ధి ఎం.ఆర్.ఐ.కి పునాదులు. ఆ ఇద్దరికీ 2003లో నోబెల్ బహుమతి లభించింది. శరీరంలోని నీటిలోను, కొవ్వులోను ఉన్న హైడ్రోజన్ కేంద్రకాలు బలమైన అయస్కాంత క్షేత్రంలో ఇచ్చే సంకేతాల నుంచి ఈ యంత్రం బొమ్మ తయారుచేస్తుంది. ఇందులో ఎక్స్ కిరణాల ప్రమేయం లేదు.

నిశ్చలంగా ఉండే మెదడును చిత్రించడం వేరు, అనుక్షణం కదిలే గుండెను చిత్రించడం వేరు. ఈ చిక్కును పరిష్కరించిన విధానం సినిమా విమర్శకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగించేది. గుండెకు సంబంధించిన చలనచిత్రాన్ని ఎం.ఆర్.ఐ. సాధారణంగా ఒకే స్పందన నుంచి తీయదు. రోగి కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టి ఉండగా, ఇ.సి.జి.లోని పెద్ద శిఖరాన్ని గుర్తుగా పెట్టుకొని, అనేక స్పందనల నుంచి తునకలు సేకరిస్తుంది. ఒకే దశకు చెందిన తునకలను ఒకచోట చేర్చి, సుమారు 25 నుంచి 30 చట్రాలతో ఒక పూర్తి స్పందనను కూర్చుతుంది. వైద్యులు దీనిని 'సినీ' చిత్రణ అనే పిలుస్తారు. తెర మీద ఒక్క స్పందనలా కనిపించేది నిజానికి అనేక స్పందనల కూర్పు. వేర్వేరు టేకుల నుంచి ఒక సన్నివేశాన్ని కూర్చే ఎడిటర్ పనికి ఇది చాలా దగ్గర.

ఈ చిత్రాల నుంచి నింపుదలను అంచనా వేసే మార్గాలు ప్రధానంగా అయిదు. ఒకటి: జఠరికను మొదలు నుంచి కొస వరకు పొరలు పొరలుగా చిత్రించి, ప్రతి చట్రంలో దాని పరిమాణం లెక్కగట్టి, కాలంతో పాటు ఎంత వేగంగా నిండుతున్నదో గీత గీయడం. రెండు: రక్తప్రవాహ వేగాన్ని కొలిచే పద్ధతితో ద్విపత్ర కవాటం వద్ద, పుపుస సిరలలో ప్రవాహాన్ని నమోదు చేయడం. మూడు: ఎడమ కర్ణిక పరిమాణాన్ని కొలవడం. పీడనం పెరిగిన ఇంట్లో ఎక్కువ కాలం ఉన్న కర్ణిక సాగిపోతుంది. కనుక దాని పరిమాణం గడచిన కాలానికి సాక్ష్యం. నాలుగు: కండరం సాగుదలను, మెలికను కొలవడం. తడిబట్టను పిండినట్టు గుండె సంకోచంలో మెలి తిరుగుతుంది. వ్యాకోచం ఆరంభంలో ఆ మెలిక చటుక్కున విడిపోయి రక్తాన్ని లోనికి పీలుస్తుంది. 1988లో జెర్హూనీ బృందం, 1989లో లియోన్ ఆక్సెల్, లారెన్స్ డౌహర్టీ ప్రకటించిన పద్ధతులు కండరం మీద చీకటి గీతలను ముద్రించి, అవి వంగే తీరు ద్వారా ఈ చలనాన్ని కంటికి కనిపించేలా చేశాయి. అయిదు: గాడోలినియం మందు సహాయంతోను, కణజాల లక్షణాల పటంతోను కండరంలో చేరిన నారపదార్థాన్ని, కొన్ని అరుదైన వ్యాధుల్లో పేరుకొనే ప్రోటీనును గుర్తించడం. మొదటి నాలుగూ గుండె ఎలా నిండుతున్నదో చెబితే, అయిదోది ఎందుకు నిండలేకపోతున్నదో చెబుతుంది. ఎం.ఆర్.ఐ. ప్రత్యేకత ప్రధానంగా ఇక్కడే ఉంది.

పరిమితులను కూడా చెప్పాలి. నింపుదలను పరిశీలించడానికి మొదటి సాధనం నేటికీ ఎకో పరీక్షే. అది చవక, సులభం, మంచం పక్కనే చేయదగినది. క్షణక్షణం మారే వేగాలను పట్టుకోవడంలో ఎం.ఆర్.ఐ. కంటె మెరుగైనది. పీడనాన్ని నేరుగా కొలవాలంటే గుండెలోకి గొట్టం పంపక తప్పదు. కర్ణిక పరిమాణం, జఠరిక ద్రవ్యరాశి ఆధారంగా ఎం.ఆర్.ఐ. నుంచే ఆ పీడనాన్ని అంచనా వేసే సూత్రాలు ఇటీవల వచ్చినా, అవి అంచనాలే. అన్నిటికంటె ముఖ్యం: స్పందన క్రమం తప్పితే తునకల కూర్పు చెడి బొమ్మ మసకబారుతుంది. ఈ చివరి విషయం 'జెర్సీ' చర్చలో మళ్లీ అవసరమవుతుంది.

4. తెర మీది గుండె: దృశ్యం, ధ్వని, మాట

తెలుగు సినిమాలో గుండెజబ్బుకు స్థిరపడిన సంకేతాలు మూడు. తండ్రి లేదా తాత పాత్ర చెడువార్త విని అరచేయి ఎడమ ఛాతీకి ఆనించడం మొదటిది. చేతిలోని ఫోనో, నీళ్లగ్లాసో జారి, మనిషి కుర్చీలోకి ఒరిగిపోవడం రెండోది. ఆసుపత్రి గదిలో ఆకుపచ్చ గీత చదునై, సన్నని ధ్వని సాగడం మూడోది. దీనికి అనుబంధంగా చదునైన గీత మీద విద్యుద్ఘాతం ఇచ్చి ప్రాణం రప్పించే దృశ్యం తరచుగా వస్తుంది. వైద్యశాస్త్రం ప్రకారం చదునైన గీతకు విద్యుద్ఘాతం చికిత్స కాదు. అది కొన్ని ప్రమాదకరమైన లయభంగాలకు మాత్రమే ఇవ్వదగినది.

ఈ సంకేతాలన్నిటిలో గుండె కొట్టుకొనే వస్తువు, లేదా ఆగిపోయే వస్తువు. మధ్యస్థితి లేదు. ధ్వనిమిశ్రణంలోనూ ఇదే జరుగుతుంది. ఉత్కంఠ సన్నివేశాల్లో వినిపించే 'లబ్, డబ్' శబ్దాలలో మొదటిది కర్ణికలకు, జఠరికలకు మధ్య ఉన్న కవాటాలు మూసుకొన్నప్పటిది. రెండోది జఠరికల నుంచి వెలువడే మహానాళాల ముఖద్వారాల వద్ద కవాటాలు మూసుకొన్నప్పటిది. గుండె నిండేది రెండో శబ్దం తరువాతి నిశ్శబ్దంలో. ఆరోగ్యవంతుడైన పెద్దవారి గుండె నిండేటప్పుడు సాధారణంగా చప్పుడు చేయదు. నింపుదల చెడినప్పుడు మాత్రం ఆ నిశ్శబ్దంలో మూడో శబ్దమో, నాలుగో శబ్దమో పుడుతుంది. బిరుసెక్కిన జఠరికలోకి కర్ణిక బలంగా నెట్టినప్పుడు వినవచ్చేది నాలుగోది. స్టెతస్కోపు పట్టిన వైద్యుడు వెదికేది ఆ నిశ్శబ్దంలో. సౌండ్ డిజైనర్ పెంచి వినిపించేది దాని అంచులను.

భాష మాత్రం సినిమా కంటె విశాలంగా ఉంది. తెలుగు నుడికారంలో గుండె ఆగుతుంది, జారుతుంది, పగులుతుంది, అంతటితో సరిపెట్టుకోదు. గుండె నిండుతుంది. గుండె బరువెక్కుతుంది. గుండె రాయి అవుతుంది, రాయి చేసుకోవలసి కూడా వస్తుంది. నిండడం, బరువెక్కడం, బిరుసెక్కడం అనే మూడు భావనలూ వ్యాకోచలోపానికి సరిగ్గా అమరేవి. పల్లెటూరి అమ్మమ్మ మాటలో ఉన్న ఈ సూక్ష్మత తెర మీదికి రాలేదు. సినిమా పాటలో భావోద్వేగపు బరువును ప్రధానంగా 'మనసు' మోసింది. ఆచార్య ఆత్రేయకు మనసు కవి అనే పేరు రావడం, 'మూగమనసులు' (1964) నుంచి 'మనసంతా నువ్వే' (2001) దాకా శీర్షికలలో ఆ పదం నిలవడం ఇందుకు గుర్తులు. 'గుండె' శరీరానికి, ధైర్యానికి, హాస్యానికి మిగిలింది. 'గుండె జారి గల్లంతయ్యిందే' (2013), 'హార్ట్ ఎటాక్' (2014) రెండూ ప్రేమకథలకు పెట్టిన పేర్లు. ప్రాణాంతకమైన వ్యాధి పేరు ప్రేమకు చమత్కారపు పర్యాయపదమైన స్థితి ఇది.

5. 'గీతాంజలి': రోగం ఉన్నది, లక్షణం లేదు

మణిరత్నం దర్శకత్వంలో 1989లో విడుదలైన 'గీతాంజలి' ఇద్దరు రోగుల ప్రేమకథ. నాయకుడు ప్రకాశ్‌ది ప్రాణాంతక వ్యాధి. నాయిక గీతాంజలిది గుండెజబ్బు. పి.సి. శ్రీరామ్ ఛాయాగ్రహణంలోని మంచు, పొగ, వెలుతురు ఆ ప్రేమకు నేపథ్యం. ఆరోగ్యకరమైన వినోదం అందించిన ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారం కూడా పొందింది.

ఈ చిత్రం సాధించిన మేలు చిన్నది కాదు. రోగిని మంచానికి కట్టివేయకుండా, అల్లరి చేసే, అబద్ధాలాడే, ఆటపట్టించే మనిషిగా చూపింది. చావును గురించి మాట్లాడేటప్పుడు ఏడుపు తప్పనిసరి కాదని నిరూపించింది. అంతకుముందరి 'ప్రేమాభిషేకం' (1981) వంటి చిత్రాల్లో రోగం త్యాగానికి పీఠంగా పనిచేసింది. 'గీతాంజలి'లో రోగం జీవితేచ్ఛకు ఒరిపిడిరాయి అయింది.

అయితే చిత్రంలోని గుండెజబ్బుకు దైనందిన రూపం దాదాపు లేదు. నాయిక చలిగాలిలో, ఎత్తుపల్లాల నేల మీద పరుగెడుతుంది, ఆడుతుంది. జబ్బు ఆమె నడకలో, నిద్రలో, ఊపిరిలో కనిపించదు. కథకు అవసరమైనప్పుడు సమాచారంగా తెలుస్తుంది, సంక్షోభంగా బయటపడుతుంది. ఎన్నో గుండెజబ్బులకు సాధారణ లక్షణమైన ఆయాసం సౌందర్యానికి అడ్డువస్తుందని పక్కకు తప్పించినట్టుంది. మంచులో ఊపిరి ఆవిరై కనిపించే అవకాశం ఛాయాగ్రాహకుడికి ఉంది. ఆ ఊపిరి అందకపోవడం మాత్రం కథకు అక్కరలేకపోయింది.

గుండె కండరం మీద గీతలు ముద్రించి దాని సడలికను కంటికి చూపే వ్యాసం శాస్త్రపత్రికలో వెలువడినది కూడా ఆ 1989లోనే. ఒకటి గుండె లోపలి కదలికను వెలికితెచ్చింది. మరొకటి గుండెజబ్బు పైలక్షణాలను కప్పింది. ఈ పోలికతో చిత్రాన్ని తక్కువచేయనవసరం లేదు. వ్యాధిని సౌందర్యంగా మార్చినప్పుడు దేనిని వదులుకున్నదీ గుర్తించడానికి మాత్రం ఇది ఉపకరిస్తుంది.

6. 'జెర్సీ': దాచిన లయ

గౌతమ్ తిన్ననూరి రచన, దర్శకత్వంలో 2019లో వచ్చిన 'జెర్సీ' హైదరాబాదు నేపథ్యంగా 1986, 1996 సంవత్సరాల మధ్య నడిచే కథ. ఉత్తమ తెలుగు చిత్రంగా, ఉత్తమ కూర్పుకు జాతీయ పురస్కారాలు పొందింది. 26 ఏళ్ల వయసులో క్రికెట్ మానేసిన అర్జున్ 36వ ఏట తిరిగి బ్యాటు పడతాడు. కొడుకు అడిగిన 500 రూపాయల జెర్సీ కొనలేని తండ్రి అవమానం అందుకు తక్షణ కారణం. అతడు ఆట ఎందుకు మానేశాడన్న ప్రశ్నకు సమాధానం చివరిలో తెలుస్తుంది: అతనికి గుండె లయ తప్పే జబ్బు ఉంది, ఆడితే ప్రాణానికి ముప్పని తెలిసే ఆనాడు వదిలాడు, తెలిసే ఈనాడు ఆడాడు.

తెలుగు సినిమాలో గుండెజబ్బును దీర్ఘకాలపు స్థితిగా ఊహించిన అరుదైన కథ ఇది. పదేళ్లపాటు జబ్బుతో జీవించిన మనిషి ఇందులో ఉన్నాడు. చలాకీతనం వదిలి, ఉద్యోగం పోగొట్టుకొని, భార్య సంపాదన మీద ఆధారపడి, గోడకు ఒరిగి కూర్చున్న అర్జున్‌ను లోకం సోమరి అనుకుంటుంది. ప్రేక్షకుడూ అలాగే అనుకుంటాడు. చివరి సమాచారం తెలిశాక ఆ పదేళ్లూ వేరుగా కనిపిస్తాయి. రోగి అలసటను బద్ధకంగా, జాగ్రత్తను పిరికితనంగా చదివే లోకరీతి మీద ఇంత సమర్థమైన వ్యాఖ్య తెలుగు తెర మీద అరుదు. జట్టుకు ఎంపికైన తరువాత రైల్వేస్టేషన్‌లో, సాగిపోతున్న రైలు చప్పుడులో అతడు గొంతు చించుకొని అరిచే సన్నివేశం ప్రసిద్ధమైనది. పదేళ్ల నిండుదనం ఒక్కసారి వెలువడే ఆ దృశ్యాన్ని నిలబెట్టింది దాని ముందరి దీర్ఘమైన నిశ్శబ్దమే.

విమర్శకు లోబడే అంశాలు రెండున్నాయి. మొదటిది, జబ్బును మలుపుగా దాచడం. దాచడం వల్ల పునర్విమర్శకు అవకాశం కలిగింది, నిజమే. కాని జబ్బుతో జీవించడంలోని రోజువారీ వివరం, మందు, పరీక్ష, భయం, భార్యాభర్తల మధ్య దాని గురించిన మాట ఇవన్నీ ఆ దాపరికానికి బలయ్యాయి. రోగం జీవితంగా కాక రహస్యంగా మిగిలింది. రెండోది, వైద్యసలహాను ధిక్కరించి మరణించడం వీరత్వంగా స్థిరపడడం. చిత్రం ఆ నిర్ణయాన్ని సమర్థించిందని చెప్పడం కంటె, దాని మూల్యాన్ని ఎవరు చెల్లించారన్న ప్రశ్నను భార్య సారా పక్షాన తగినంత అడగలేదని చెప్పడం సమంజసం.

ఎం.ఆర్.ఐ. చర్చకు ఇక్కడ ఒక సంబంధం ఉంది. లయ తప్పిన గుండెను 'సినీ' పద్ధతిలో కూర్చడం కష్టం. ప్రతి స్పందనా మరొకదానిలా ఉంటుందన్న నమ్మకం మీద ఆ పద్ధతి నిలిచి ఉంది. ఆ నమ్మకం చెదిరినప్పుడు వైద్యులు తీరు మార్చుకోవాలి. స్పష్టత కొంత తగ్గినా, ఏ స్పందనకు ఆ స్పందనను అప్పటికప్పుడు చిత్రించే పద్ధతిని ఆశ్రయించాలి. కథనానికి కూడా ఇదే వర్తిస్తుంది. అలవాటైన సంకేతాలు అందరు రోగుల గుండెలూ ఒకేలా కొట్టుకుంటాయన్న నమ్మకం మీద నడుస్తాయి. అర్జున్ వంటి పాత్ర వచ్చినప్పుడు ఆ అచ్చు సరిపోదు. 'జెర్సీ' సగం దూరం అచ్చు మార్చింది. చివరిలో తిరిగి పాత అచ్చులోకి, అంటే మరణం అనే ఘటనలోకి, వచ్చి ఆగింది.

7. అక్కినేని: తెర మీది మరణం, తెర వెనుక జీవితం

ఈ పాత అచ్చుకు ఎదురు సాక్ష్యం పరిశ్రమలోనే ఉంది. 'దేవదాసు' (1953)తో తెలుగు తెర మీద మరణానికి మారుపేరైన అక్కినేని నాగేశ్వరరావుకు 1974లో అమెరికాలో గుండె శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత కొద్దికాలానికే ఆయన బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోస్‌ను నెలకొల్పారు. 'ప్రేమాభిషేకం'లో క్యాన్సరుతో చనిపోయే నాయకుడిగా నటించి మరో తరాన్ని ఏడిపించారు. 2014 జనవరి 22న ఆయన మరణించారు. కారణం గుండె కాదు, క్యాన్సరు. చివరి చిత్రం 'మనం' అదే సంవత్సరం విడుదలైంది.

అంటే శస్త్రచికిత్స పొందిన గుండెతో ఒక మనిషి దాదాపు 40 ఏళ్లు జీవించి, స్టూడియో కట్టి, నటించి, తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు మారడంలో ప్రధానపాత్ర వహించారు. తెలుగు సినిమా తన ముంగిట్లోనే చూసిన అతి ముఖ్యమైన హృద్రోగ కథ ఇది. అందులో ఆహారనియమం ఉంది, నడక ఉంది, క్రమశిక్షణ ఉంది, పని ఉంది. తెర మీది కథగా మాత్రం అది రాలేదు. కూలిపోయిన గుండెలకు వందల సన్నివేశాలు దొరికాయి. కుదుటపడి కొనసాగిన గుండెకు దొరకలేదు.

8. 'పంపింగ్' అనే మాట

ఈ చర్చ ఎందుకు అవసరమన్నది తెలుగు ఇళ్లలో వినిపించే ఒక మాట వల్ల తెలుస్తుంది. ఎకో పరీక్ష అయ్యాక ఇంటివారు మొదట అడిగేది 'పంపింగ్ ఎంత?' అని. 'అరవై శాతం, భయం లేదు' అనే సమాధానంతో చాలాసార్లు సంభాషణ ముగుస్తుంది. ఈ శాతం నిండిన రక్తంలో ఎంత భాగం బయటకు వెళ్లిందో చెప్పే నిష్పత్తి మాత్రమే. 140 మి.లీ. నిండి 84 మి.లీ. వెళ్లినా 60 శాతమే, 90 మి.లీ. మాత్రమే నిండి 54 మి.లీ. వెళ్లినా 60 శాతమే. ఎంత నిండింది, ఎంత పీడనంతో నిండింది అన్న రెండు ప్రశ్నలకూ ఆ అంకెలో సమాధానం లేదు.

నింపుదల లోపం ఎక్కువగా కనిపించేది పెద్దవయసువారిలో, స్త్రీలలో, రక్తపోటు, మధుమేహం ఉన్నవారిలో. ఇంటిపనిలో ఆయాసపడే అరవై అయిదేళ్ల తల్లి లక్షణాలను 'వయసు మీదపడింది', 'గ్యాస్', 'ఒళ్లు పెరిగింది' అనే మూడు మాటలు సులభంగా మింగేస్తాయి. ఆమె ఛాతీ పట్టుకోదు. కూలిపోదు. తెర నేర్పిన గుండెజబ్బు గుర్తులేవీ ఆమెలో ఉండవు కనుక ఇంట్లో ఎవరికీ గుండె గుర్తుకు రాదు. తెలుగు సినిమాలో ఛాతీ పట్టుకొనే పాత్ర ఎక్కువగా ఇంటిపెద్ద అయిన పురుషుడు కావడం ఈ అంధతను మరింత పెంచుతుంది. సినిమా ఈ అపోహకు ఏకైక కారణం కాదు. కాని అపోహకు రూపం, హావభావం, ధ్వని సమకూర్చింది సినిమాయే.

9. ఒక ఆక్షేపణ, సమాధానం

నాటకీయతకు ఘటన కావాలి, మెల్లగా బిరుసెక్కే గుండెను రెండున్నర గంటల చిత్రం ఎలా చూపుతుంది అన్న ఆక్షేపణ సహజమైనది. సినిమా వైద్యబోధన కాదన్నది కూడా సత్యమే. అయితే దీర్ఘవ్యాధి నాటకీయతకు లొంగదన్న వాదం నిలవదు. 'హాయ్ నాన్న' (2023)లో సిస్టిక్ ఫైబ్రోసిస్‌తో జీవించే ఆరేళ్ల బాలిక, ఆమె రోజువారీ సంరక్షణ తండ్రీకూతుళ్ల బంధానికే రూపమిచ్చాయి. ఊపిరిని కథావస్తువుగా నడిపించడం సాధ్యమేనని ఆ చిత్రం చూపింది.

జూబ్లీహిల్స్ నేల కూడా ఇందుకు అనుకూలం. కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు చుట్టూ తెల్లవారుజామున నడిచేవారిలో ఎవరి అడుగు ఎక్కడ ఆగుతున్నదో, ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతూ ఎవరు చెప్పులు సరిచేసుకొనే నెపంతో నిలబడుతున్నారో గమనించగల కెమెరాకు కథ కరవు కాదు. నింపుదల లోపం చాలామందిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు కాక శ్రమించినప్పుడే బయటపడుతుంది. యంత్రంలో వెల్లకిల పడుకొన్న మనిషి బొమ్మ నుంచి వైద్యుడు ఆ శ్రమను ఊహించవలసి ఉంటుంది. నటుడి శరీరం దానిని నేరుగా చూపగలదు. ఈ ఒక్క విషయంలో సినిమాకు ఉన్న సౌకర్యం ఎం.ఆర్.ఐ.కి లేదు.

10. ముగింపు

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

1. తెలుగు సినిమా గుండెజబ్బును సంకోచం, స్తంభన అనే రెండు స్థితులతోనే చిత్రించింది. ఎక్కువ కాలాన్ని ఆక్రమించే నింపుదల దశ దృశ్యంలోను, ధ్వనిలోను స్థానం పొందలేదు.

2. ఎం.ఆర్.ఐ. నింపుదలను వేగం, ప్రవాహం, కర్ణిక పరిమాణం, కండరచలనం, కణజాలస్వభావం అనే అయిదు కోణాల నుంచి చూస్తుంది. దాని చలనచిత్రం కూడా కూర్పే. ఆ కూర్పుకూ పరిమితులున్నాయి.

3. 'గీతాంజలి' రోగికి వ్యక్తిత్వం ఇచ్చి లక్షణాలను తొలగించింది. 'జెర్సీ' దీర్ఘవ్యాధిని ఊహించి, దానిని రహస్యంగా, చివరికి మరణంగా ముగించింది.

4. నిండడం, బరువెక్కడం, రాయి కావడం అనే తెలుగు నుడికారాలు తెర సంకేతాల కంటె వైద్యసత్యానికి దగ్గరగా ఉన్నాయి. కొత్త చిత్రణకు కావలసిన పదజాలం భాషలో సిద్ధంగా ఉంది.

5. 'పంపింగ్ ఎంత?' అన్న ప్రశ్న పక్కన 'గుండె సరిగ్గా నిండుతోందా?' అన్న ప్రశ్న కూడా తెలుగు ఇళ్లలో వినిపించవలసి ఉంది. ఆ ప్రశ్నను ప్రేక్షకుల నోటికి అలవాటు చేయగల శక్తి ఆసుపత్రి నివేదిక కంటె ఒక మంచి సన్నివేశానికి ఎక్కువ.